మూడో అంతస్తు సంతకాలు

నేను ఒక పరీక్ష అట్టను. బేగంబజారు వెనక ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గోధుమరంగు పలకను కోసి, మూలలు గుండ్రంగా అరగదీసి, నెత్తిన ఇనుప క్లిప్పు బిగించి, వీపు మీద ఎక్కాలు అచ్చేశారు. ఇక చూడాలి నా మిడిసిపాటు! పదో తరగతి పరీక్షలకు పోతాననీ, దేవుడి ముందు పెట్టి నాకు కుంకుమ బొట్టు పెడతారనీ కలలు కన్నాను. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, మాదాపూర్‌లో ఒక తొమ్మిదంతస్తుల అద్దాల మేడను శుభ్రం చేయించే ఏజెన్సీ వాళ్లు వచ్చి మమ్మల్ని గంపగుత్తగా కొనుక్కుపోయారు. నన్ను మూడో అంతస్తు ఆడవాళ్ల బాత్రూం గోడకు వేలాడదీశారు.

నా మీద నెలకో కాగితం ఉండేది. ముప్పై వరసలు, వరసకు ఎనిమిది గళ్లు. గంటకోసారి కడగాలి, కడిగినవాళ్లు గడిలో సంతకం చేయాలి. కడిగే మనిషి పేరు మణెమ్మ, ఊరు నారాయణపేట వైపు. మేడ కట్టేటప్పుడు ఇసుక మోసింది, కట్టాక చీపురు పట్టింది. మొదట్లో ఆమె ఆఫీసు మనిషే. తర్వాత ఆఫీసు పెద్దలకు జ్ఞానోదయమైంది. మన ఇల్లు మనం ఊడ్చుకోవడం మన పని కాదని తెలుసుకుని, కాపలా ఒకరికి, కడగడం ఒకరికి, కుండీల్లో మొక్కలకు నీళ్లు పోయడం ఇంకొకరికి అప్పగించారు. అప్పట్నుంచి రెండేళ్లకోసారి ఏజెన్సీ మారుతుంది. మణెమ్మ మారదు, ఆమె చొక్కా మారుతుంది. నీలం పోయి పచ్చ వచ్చింది, పచ్చ పోయి వంగపండు రంగు వచ్చింది. చొక్కా మారినప్పుడల్లా ఆమె కొత్తగా చేరినట్టే లెక్క. పాపం, పదకొండేళ్లుగా కొత్తగా చేరుతూనే ఉంది.

ఆమెకు రాయడం వచ్చిన మాట ఒక్కటే, తన పేరు. గేటు దగ్గరి వాచ్‌మన్ నేర్పాడు. ఆ మూడక్షరాలను ఆమె ముగ్గు పెట్టినంత శ్రద్ధగా గీసేది. అదీ కడిగి, తుడిచి, చేతులు ఆరాకే. నీళ్లు రాని గంటలో గడి ఖాళీగా వదిలేసేది.

సూపర్‌వైజర్ తిరుమలేశుకు ఈ ఖాళీ గళ్లు కంట్లో నలుసులు. మిగతా అంతస్తుల్లో అతను పొద్దున్నే ఒక్క ఊపులో ఎనిమిది గళ్లూ నింపేసేవాడు. అనుమానం రాకుండా జేబులో రెండు రంగుల పెన్నులు పెట్టుకున్న తెలివైనవాడు.

"అవ్వా, పెట్టేయరాదే! నీ ఒక్క కాగితంతోని నా ఇజ్జత్ పోతున్నది."

"కడగకముందే సంతకమేంది సారూ? తినకముందే తేన్చినట్టు!"

ఈ ఏడు మళ్లీ ఏజెన్సీ మారింది. పన్నెండు మంది చేసే పని ఎనిమిది మందితో చేయిస్తామని వాళ్లు మాటిచ్చారట. ఎవరిని తీసేయాలో తేల్చడానికి రాతపరీక్ష పెట్టారు. మణెమ్మకు భయం పట్టుకుంది. యాభై మూడేళ్ల మనిషిని బయట ఎవరూ పనిలో పెట్టుకోరు. ఇంట్లో భర్త నడుం విరిగి మంచాన ఉన్నాడు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంతో ఒళ్లు పులకరించింది. రాసుకోవడానికి అట్టలు లేక మమ్మల్ని గోడల మీంచి పీకి తెచ్చారు. ఎట్టకేలకు పరీక్ష!

తిరుమలేశు ప్రశ్నలు చదివాడు, జవాబులూ తనే చెప్పాడు. అందరూ టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఏడో ప్రశ్న వచ్చింది. 'గంటకోసారి శుభ్రం చేస్తాను. అవును, కాదు.'

"అవును మీద పెట్టుండ్రి."

మణెమ్మ చెయ్యెత్తింది. "నీళ్లొస్తే అవును, రాకుంటే కాదు. రెండిటి మీదా పెడుత సారూ."

పెట్టింది కూడా. అందరికీ ఇరవైకి ఇరవై వచ్చాయి, ఆమెకు పంతొమ్మిది. ఆమెతోపాటు, ముందురోజు పరీక్ష రాసిన బ్యాచ్‌లో తప్పిన ముగ్గురిని తీసేశారు. వంగపండు చొక్కా ఉతికి, మడతపెట్టి, అప్పజెప్పి వెళ్లిపోయింది. నా ఆనందం తలుచుకుంటే ఇప్పటికీ నాకే అసహ్యం.

మూడో అంతస్తు ఎవరి వంతుకూ రాలేదు. కాగితం మాత్రం నిండుతూ వచ్చింది. కొత్త మనిషి పేరు రాయడానికి కొత్త మనిషి లేదు కనుక, తిరుమలేశు పాత పేరునే చూసి గీసేవాడు. వాసన భరించలేక అమ్మాయిలు నాలుగో అంతస్తుకు ఎక్కిపోయేవారు. ఫిర్యాదు చేస్తే, సంతకాలున్నాయి కదా అని జవాబు వచ్చేది.

నెలాఖరున ఏజెన్సీ మేనేజర్ ప్రణీత మేడం కాగితాలన్నీ పాత నెలలవాటితో కలిపి తిరగేసి, ఎప్పుడూ ఖాళీలుండి ఈసారి పూర్తిగా నిండిన మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఆ నెల ఉత్తమ కార్మికురాలు మణెమ్మ! తిరుమలేశు పొద్దుటికల్లా ఫోన్ చేసి బతిమాలి పిలిపించాడు. మళ్లీ పని దొరుకుతుందేమోనన్న ఆశతో ఆమె రెండు బస్సులు మారి వచ్చింది. ఎవరిదో చొక్కా తొడిగి, చేతిలో ప్రశంసాపత్రం పెట్టి, నా పక్కనే నిలబెట్టి ఫొటో తీశారు.

"మేడం, రేపట్నుంచి రావాల్నా? నన్ను తీసేసి నెలాయె."

మేడం కంప్యూటర్‌లో చూసింది, కాగితం చూసింది. "తీసెయ్యడమేంటమ్మా? రోజూ వస్తున్నావుగా. ఉన్న మనిషిని మళ్లీ చేర్చుకోవడం కుదరదు."

అందరూ వెళ్లిపోయాక మణెమ్మ తలుపు తోసి లోపలికి చూసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, తను గీయని తన పేరును గడిగడిలోనూ చూసి, కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇట్లనా నేను కడిగేది?" అంది.

దారంతో నాకు కట్టి ఉన్న పెన్ను అందుకుంది. మొదటి గడి నుంచి చివరి గడి దాకా, కాగితం చిరిగేంత గట్టిగా ఒక్క గీత కొట్టింది. ప్రశంసాపత్రాన్ని నా క్లిప్పుకే పెట్టేసి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇప్పుడు నా చోట ఫోన్‌తో స్కాన్ చేసే స్టిక్కర్ అతికించారు. దానికి ఖాళీ గడి అనేదే లేదట. నేను స్టోర్‌రూంలో ఫినాయిల్ డబ్బాల వెనక పడి ఉన్నాను. ఆ కాగితం తీసేయాలని ఎవరికీ తోచలేదు. పరీక్షలకని పుట్టిన నేను మోసిన సరైన జవాబు ఆ గీత ఒక్కటే.