కళ్ళంలో కుర్చీ

ఆ మధ్యాహ్నం సతూర్నినాకు కావలసింది ఓదార్పు కాదు, బరువు. కొండ మీద మబ్బు కమ్ముకొస్తోంది. కళ్ళంలో పరిచిన గోధుమ ఇంకా సగం కూడా నలగలేదు. తడిస్తే మొలకెత్తుతుంది, చలికాలమంతా రొట్టెకు దిక్కుండదు. అడుగున చెకుముకి రాళ్ళు దిగేసిన నూర్పిడి బల్లను కంచరగాడిద లాగుతూనే ఉంది గానీ, బల్ల గడ్డి మీద ఊరికే జారిపోతోంది. ముప్పయ్యేళ్ళు దాని మీద కుర్చీ వేసుకుని కూర్చున్న భర్త ఎలాదియో ఈస్టర్‌కు ముందే పోయాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పక ఆమె బల్ల మీదే దాని పక్కన నిలబడి తోలుతోంది. చిక్కి సగమైన మనిషి, ఆ బరువు ఏ మూలకు?

ఊరంతా ఎవరి కళ్ళంలో వాళ్ళు పరుగులు పెడుతున్నారు. తీరిగ్గా ఉన్నది పాదిరీ దోన్ ఫౌస్తీనో ఒక్కరే. భారీ మనిషి. ఓదార్చడానికే వచ్చారు.

“కష్టాన్ని త్రిబులాసియోన్ అంటాం కదమ్మా. ఇంగ్లీషువాళ్ళ ట్రిబ్యులేషన్ కూడా అదే. ఆ మాట ఎక్కడ పుట్టిందనుకున్నావు? నీ కాళ్ళ కిందే! లాటిన్‌లో ఈ బల్ల పేరు త్రిబులుం. దేవుడు మనల్ని నూర్చి, పొట్టునంతా వేరుచేసి...”

సతూర్నినాకు ఒళ్ళు మండింది. “చాల్లెండి ఫాదర్! ఎప్పుడైనా దీని మీద ఎక్కారా మీరు?”

“లేదమ్మా.”

“అయితే ఎక్కండి. ప్రసంగం తర్వాత, ముందు మీ బరువు కావాలి నాకు.”

ఆయన అంగీ ఎత్తిపట్టుకుని ఎక్కారు. తూలి, కుర్చీ పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “ఇది ఎలాదియోది కదూ?”

ఆమె మబ్బుకేసి చూసింది. కొండ మీద ఉరిమింది.

“కూర్చోండి,” అంది.

బల్ల గడ్డిలోకి దిగింది. రాళ్ళు కరకరా కోయసాగాయి. పదో చుట్టుకి పాదిరీగారికి కళ్ళు తిరిగాయి.

“తోకెత్తింది ఫాదర్! కుర్చీ కింద డబ్బా ఉంది, దాని తోక కింద పట్టండి! పేడ గోధుమలో పడిందంటే ఊరుకోను!”

ఆయన వంగి డబ్బా పట్టారు. ఎలాదియో పోయాక మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. బరువు ఎక్కువైతే గింజ చితుకుతుంది. ఎలాదియో మాటిమాటికీ దిగి చూసేవాడు. గబగబా దిగి, గుప్పెడు తీసి, నలిపి ఊదింది. ఒక్క గింజా పగల్లేదు.

“చూడండి ఫాదర్. గడ్డే తెగింది, గింజ చెక్కుచెదర్లేదు. మంచం పట్టే ముందు మా ఆయన చివరగా చేసిన పని ఇదే. ఊడిన రాళ్ళన్నీ మళ్ళీ బల్లకు దిగ్గొట్టాడు.” ఆ గుప్పెడు గింజలూ గుండెకు అదుముకుని భోరుమంది.

దోన్ ఫౌస్తీనో ఆ ఏడుపు తగ్గేదాకా పగ్గాలు పట్టుకున్నారు. “ఇంకెన్ని చుట్లమ్మా?” అని మాత్రం అడిగారు.

మిగతా చుట్లూ తిరిగి, నూర్చిందంతా కుప్పచేసి గోనెపట్టాలు కప్పేసరికి తొలి చినుకు పడింది. కుర్చీ తడవకుండా దాని మీద తన అంగీ కప్పి, ఆమె ఇంటిదాకా ఆయనే మోశారు. దారిలో లాటిన్ ఊసే ఎత్తలేదు.