రెండో హెచ్చరిక

కంట్రోల్ రూమ్ గోడ మీది దేశపటంలో ఆ ఉదయం పదిహేడు ఎర్రచుక్కలున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో కార్చిచ్చు. ఏ మంట ఎటు పోతుందో, ఎంత వేగంగా పోతుందో లెక్కగట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని. ఉపగ్రహం పంపిన చిత్రాలు, కొండల వాలు, ఎండిన గడ్డి, గాలి వాటం అన్నీ చూసుకుని ఆమె పటం మీద ఒక గీత గీస్తే, ఆ గీత దారిలో ఉన్న ఊళ్లు ఖాళీ అయ్యేవి.

పన్నెండు రోజుల క్రితం ఆ గీత తప్పింది.

కలప మిల్లుల పట్టణం మీదికి మంట వస్తుందని చెప్పింది. తొమ్మిది వేలమంది ఇళ్లకు తాళాలేసుకుని బస్సులెక్కారు. తీరా చూస్తే గాలి అనుకున్న వేళకంటే ముందే దిక్కు మార్చుకుంది, మంట లోయలో చతికిలబడింది. రెండు రోజులు పక్క ఊరి బడి వరండాల్లో పడుకున్న జనం తిరిగొచ్చేసరికి కోళ్లు చచ్చాయి, తిండి పాడైంది. ఆమె మొహం కూడా ఎరగని ఆ జనమే ఆమెకు పులమ్మ అని పేరు పెట్టారు. "నాన్నా పులి" కథ తెలియనిదెవరికి!

అది ఆమె దులిపేసుకోగలిగేదేమో. కానీ అదే పట్టణంలో దర్జీ దుకాణం నడుపుకునే ఆమె అత్తగారు ఆనాటి తోపులాటలో బస్సు మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు తొడ దాకా కట్టుతో మంచంలో ఉంది. కోడలు రోజూ ఫోన్ చేసేది. మందులేసుకున్నారా అని అడిగేది. "నా వల్లే" అన్న మాట మాత్రం గొంతు దాటేది కాదు. అత్తగారూ ఆ ఊసెత్తేది కాదు.

ఆ ఉదయం పది గంటలకు మళ్లీ అదే లోయ తెర మీద పదిహేడో చుక్కై ఎర్రబడింది. ఆరిందనుకున్న నిప్పు చెట్ల వేళ్లలో రగులుతూ ఉండి, పడమటి గాలి తగలగానే లేచింది. ఆమె మూడుసార్లు లెక్క చూసుకుంది. మూడుసార్లూ ఒకటే జవాబు: సాయంత్రం నాలుగుకు పట్టణం అంచు.

షిఫ్టు అధికారిని అక్కడ అందరూ పెద్దసారు అంటారు. ఆయన వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఎంత నమ్మకం?"

"పదింట ఏడు పాళ్లు సార్."

"పోయినసారి?"

"అప్పుడూ ఏడే."

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉత్తరాన రెండు నీళ్ల విమానాలున్నాయి. ఇటు తిప్పితే అక్కడివాళ్లు నా మీద దుమ్మెత్తిపోస్తారు. తిప్పమంటావా?"

ఆమె పటం వైపు చూసింది. ఈసారీ తప్పితే ఆ ఊరు ఇంకెప్పుడూ ఎవరి మాటా వినదు. చెప్పకుండా ఊరుకుంటే... ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది.

"తిప్పండి సార్. ఊరు ఖాళీ చేయించండి."

పదిన్నరకు సైరన్ మోగింది. పదకొండున్నరకు బజారు కెమెరాలో చూస్తే బస్సులు ఖాళీగానే ఉన్నాయి. జనం దుకాణాల ముందు చేతులు కట్టుకుని చోద్యం చూస్తున్నారు. పట్టణ ఛైర్మన్ ఫోన్లో దొరికాడు.

"ఏమ్మా, మళ్లీ పులేనా? నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొగ కూడా లేదు. ఆకాశం అద్దంలా ఉంది."

"కొండ వెనకుందండీ. మీ కంటబడేసరికి టైముండదు."

"నేను రెండోసారి వెళ్లమంటే నన్ను తంతారమ్మా. ఒక్కరైనా కదిలితే కదా!"

ఆమె వరండాలోకి వెళ్లి అత్తగారికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, పోయినసారి నా వల్లే మీ కాలు..."

"అది తర్వాత ఏడుద్దువు గానీ, సంగతి చెప్పు. సైరన్ విన్నాను."

"మంట వస్తుందని నా లెక్క. మళ్లీ తప్పొచ్చు కూడా."

"తప్పితే ఏమవుతుంది?"

"మీకు ఊరికే నొప్పి. నలుగురూ నవ్వుతారు."

"తప్పకపోతే?"

కోడలు తలుపు అద్దంలోంచి తెర మీది ఎర్రచుక్క వైపు చూసింది.

"సరే," అంది అత్తగారు. "నలుగురు మనుషుల్ని పంపమని ఆ ఛైర్మన్‌తో చెప్పు. నన్ను మంచంతో సహా మోసుకెళ్లాలి. వెనక సందులోంచి కాదు, బజారు నడిమధ్య నుంచి."

కెమెరాకు శబ్దం లేదు. నలుగురు మిల్లు కార్మికులు మంచం మోసుకురావడం మాత్రం ఆమెకు కనిపించింది. అడుగు పడ్డప్పుడల్లా అత్తగారి మొహం నొప్పికి ముడుచుకుపోతోంది. బేకరీ యజమాని ఎదురొచ్చి ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత తెలిసింది.

"ఏం పిన్నిగారూ, ఒక కాలు చాల్లేదా?"

"విరిగితే కట్టు కట్టించుకున్నాను నాయనా. కాలితే ఏం కట్టిస్తావు?"

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. బేకరీ అతను లోపలికెళ్లి భార్యను పిలిచాడు. షట్టరు కిందికి లాగాడు. ఆ తర్వాత పక్క షట్టరు, దాని పక్కది.

చివరి బస్సు రెండూ నలభైకి కదిలింది. మంట నాలుగు దాకా ఆగలేదు, మూడుంపావుకే కొండ దిగింది. విమానాలు పదేపదే నీళ్లు కుమ్మరించి పెద్ద వీధుల్ని కాపాడాయి. ఒక మిల్లు, ఇరవై మూడు ఇళ్లు, దర్జీ దుకాణం ఉన్న వరుస మొత్తం బూడిదయ్యాయి. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు. కంట్రోల్ రూమ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తక్కిన పదహారు చుక్కలూ మండుతూనే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ఆమెకు సెలవు దొరికింది. నాలుగు గంటలు ప్రయాణం చేసి ఊరివాళ్లు తలదాచుకున్న శిబిరానికి వెళ్లింది. అత్తగారి మంచం కిటికీ పక్కన వేశారు.

"దుకాణం పోయిందత్తయ్యా."

"చెప్పారు. కుట్టాల్సిన బట్టలు పద్నాలుగు జతలున్నాయి అందులో. ఆ మిషను మీ మామయ్య తెచ్చింది." ఆవిడ కొంగు కళ్లకద్దుకుని మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"నా మీద కోపంగా ఉందా?"

"మొదట్లో ఉండేది. నీ ఫోన్ పెట్టేశాక తిట్టుకునేదాన్ని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆకలేస్తోంది. వెళ్లి ఏదైనా తీసుకురా. నువ్వూ తిను, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. చేయి కడుక్కొచ్చిన కోడలు మంచం పట్టె మీద తల ఆనించి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయింది. పక్క మంచాల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు.

"కాస్త మెల్లగా," అంది అత్తగారు. "పిల్ల పడుకుంది."