రెండు దేశాల పిండి రుబ్బిన రోలు

నేను ఒక రుబ్బురోలుని. చీమకుర్తి నల్లరాయిని. ఊరి పేరు ముందే చెప్పుకోవడం గొప్ప కోసమే, దాచేదేముంది! మా వాళ్ళు ఇప్పుడు పెద్దపెద్ద హోటళ్ళలో నేలకు పరుచుకుని, మనుషుల బూట్ల కింద నిగనిగలాడుతున్నారు. నాకా యోగం పట్టలేదు. కోతలో మూల విరిగింది. పనికిరానిదని పక్కన పడేస్తే, అంకయ్య అనే రాళ్ళు కొట్టే మనిషి తెచ్చి, తాటాకు నీడలో కూర్చుని, ఉలి పెట్టి గుంట తొలిచాడు. మిగిలిన ముక్కలోంచి పొత్రం చెక్కాడు. ఆ పొత్రమే ఇప్పటికీ నా తోడు. ఒకరినొకరం అరగదీసుకుంటూ కాపురం చేస్తున్నాం.

కనిగిరి సంతలో నన్ను నరసమ్మ కొన్నది. చేతి బలం గల మనిషి, నోటి బలం అంతకంటే ఎక్కువ. ఏళ్ళ తరబడి నా ముందు కూర్చుని ఊళ్ళో అందరినీ పప్పుతో కలిపి రుబ్బింది. తర్వాత ఇంట్లోకి కరెంటు గ్రైండరు వచ్చింది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నన్ను మాత్రం పెరట్లో కుళాయి కిందికి దొర్లించారు. గుంటలో నిలిచిన నీళ్ళు కోళ్ళు తాగేవి. మనుషుల విశ్వాసం గురించి నాకు తెలిసినదంతా ఆ కోళ్ళ మధ్య కూర్చుని తెలుసుకున్నదే.

నన్ను మళ్ళీ కడిగి పనిలో పెట్టింది నరసమ్మ కోడలు హైమావతి. గ్రైండరు పిండికి రుచి లేదని పైకి అనేది. అసలు సంగతి నాకు తెలుసు. పెళ్ళై ఏళ్ళు గడిచినా ఆమెకు పిల్లలు లేరు. వీధిలో ఎవరింట్లో శ్రీమంతమైనా ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి పిలిచేవారు. ఈ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాళ్ళకు ఎక్కడలేని తొందరా ముంచుకొచ్చేది. అలాంటి రోజుల్లో హైమావతి పెరట్లోకి వచ్చి, అవసరం లేకపోయినా మినప్పప్పు నానబోసి రుబ్బేది. ఆ పిండిలో నీళ్ళు ఎక్కువవుతున్నాయంటే అవి కుళాయి నీళ్ళు కావు. నాకు గుండె లేదంటారు గానీ, ఆ ఉప్పు నాకు తగిలింది.

ఆమె భర్త చెన్నకేశవులు బోరు రిగ్గు నడిపేవాడు. భూమికి చిల్లు పెట్టి నీళ్ళు తీసే పని. రిగ్గు కంపెనీవాళ్ళు దాన్ని టాంజానియాకు పంపుతూ అతన్నీ రమ్మన్నారు. నేనూ వస్తానంది హైమావతి. ఆ వెంటనే, రోలు కూడా వస్తుందంది.

"రోలెందుకే? అక్కడేమన్నా రాళ్ళు లేవా?" అన్నాడు కేశవులు.

"రాళ్ళుంటే ఉంటాయిలే. నేను రుబ్బినవి ఉండాలిగా," అంది.

అలా ఇనప గొట్టాల మధ్య, గోనెపట్టా చుట్టుకుని ఓడెక్కాను. దార్ ఎస్ సలాం రేవులో ఒక అధికారి పట్టా విప్పి, నన్ను చుట్టూ తిరిగి చూసి, ఇదేమిటన్నాడు. రిగ్గు ఊగకుండా పెట్టే బరువు అన్నాడు కేశవులు. అధికారి తల ఊపి వదిలేశాడు. నా జన్మలో నాకు దొరికిన ఒకే ఒక్క కంపెనీ ఉద్యోగం అదే.

దార్‌లో ఉపాంగా అనే పేటలో కింది వాటా దొరికింది. సముద్రపు గాలి, ఉక్కపోత. హైమావతి పొద్దున రుబ్బిన పిండి మధ్యాహ్నానికల్లా గిన్నె మూతను పైకి లేపేది. ఆమె మురిసిపోయేది. "పిండి పొంగే చోట మనిషి కూడా బతుకుతాడయ్యా," అని మొగుడితో అనేది. దేశాల గురించి ఆమె సిద్ధాంతం అంతే. కేశవులుకు వేరే సిద్ధాంతం ఉంది. అక్కడ ఇసుక నేల, తవ్విన గుంత తవ్వినట్టే కూలేది. ఎంతో కష్టపడి లోతుకు దిగితే నీళ్ళు ఉప్పగా తగిలేవి. "ఇదేం దేశమే, భూమి నోరు తెరిస్తే ఉప్పు తప్ప మాట లేదు," అని విసుక్కునేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఆమె పిండిని బట్టీ, అతను నీళ్ళను బట్టీ దేశానికి మార్కులు వేసేవారు. ఫోన్లలో ఏ దేశం మేలని గంటలకొద్దీ చెప్పేవాళ్ళ కంటే వీళ్ళే నయం.

ఆ దేశంలో పెళ్ళైన ఆడమనిషిని పేరు పెట్టి పిలవరు. బిడ్డ పేరు చేర్చి ఫలానా వాళ్ళమ్మ అంటారు. వచ్చిన కొత్తలో వీధి పిల్లలు హైమావతిని చుట్టుముట్టి, ఎవరికి అమ్మవని అడిగారు. ఆమె లోపలికి వచ్చి నా ముందు కూలబడింది. సముద్రం దాటి వచ్చినా అదే ప్రశ్న ముందుగా వచ్చి కూర్చుందని ఏడ్చింది. కానీ పిల్లలు ఎంతసేపు ఆగుతారు? ఆమె దోసెలు వేసి అమ్మడం మొదలుపెట్టగానే వాళ్ళే తేల్చేశారు. "మామా దోసా!" అన్నారు, అంటే దోసె వాళ్ళమ్మ. పేట పేటంతా అదే పేరు. ఎదురింటి గుజరాతీ ఆవిడ హంసాబెన్ కూడా అలాగే పిలిచేది. హైమావతి మొదట ఉలిక్కిపడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత ఆ పిలుపు వినపడకపోతే తోచేది కాదు.

సరిగ్గా అప్పుడు కంపెనీవాళ్ళు రిగ్గును జాంబియాకు మార్చారు. లుసాకాలో పని. గట్టి రాతినేల అని తెలిసి కేశవులు ఎగిరి గంతేశాడు. హైమావతి మాత్రం కొంగు బిగించింది.

"ఒక్క ఏడాది చూస్తా. నాకు పడకపోతే వచ్చేస్తా. హంసాబెన్ గది ఇస్తానంది, నా దోసెలు నేనేసుకుంటా. నువ్వు ఆడ, నేను ఈడ."

కేశవులు ముఖం వాడిపోయింది. "సరే. ఏడాది తర్వాత నేనే నిన్ను పంపిస్తాలే," అన్నాడు. నలుగురిలో అన్న మాట కాదు, ఇద్దరి మధ్య అన్నది. మధ్యలో నేనున్నాను కాబట్టి సాక్షిని నేనే.

రిగ్గు లారీ మీద నా ప్రయాణం. దారిలో అడవి మధ్యగా రోడ్డు. జిరాఫీలు తలలు వంచి నన్ను చూశాయి. సరిహద్దులో లారీల బారు కదలదే! నాకు తొందర లేదు గానీ, డ్రైవరు తిట్లు విని పొత్రం కూడా సిగ్గుపడింది.

లుసాకాలో దిగేసరికి జూన్ నెల. ఇక్కడే హైమావతి పప్పులో కాలేసింది. ఆఫ్రికా అంటే ఎండ, జూన్ అంటే కనిగిరిలో నిప్పులు. ఇక కంబళ్ళతో పనేమిటని ఉన్న రెండు దుప్పట్లూ హంసాబెన్ ఇంటి కాపలాదారుకు ఇచ్చి, నూలు చీరలతో వచ్చింది. తీరా చూస్తే అక్కడ జూన్ అంటే చలికాలం! ఎత్తైన ఊరు, పొడి గాలి, పొద్దున్నే పళ్ళు టకటక కొట్టుకునే చలి. కొంగు మీద కొంగు చుట్టుకుని వణుకుతూ రుబ్బింది. పిండి ఆ రోజు పొంగలేదు. మర్నాడూ పొంగలేదు. అలిగిన కొత్తల్లుడిలా గిన్నె అడుగున అలాగే కూర్చుంది.

"చూడయ్యా! ఈ దేశంలో పిండే లేవదు, ఇంక మనుషులేం లేస్తారు?"

"నీళ్ళు చూడు మే, ఎంత కమ్మగా ఉన్నాయో. రాయి కోస్తంటే రిగ్గు పాట పాడతంది తెల్సా?"

"నీళ్ళు తాగి బతకటానికి నేనేమన్నా చేపనా?"

నిజానికి ఊరు చెడ్డది కాదు. రోడ్లు వెడల్పు, చెట్లు ఎక్కువ, మనుషులు నెమ్మది. కాకపోతే ప్రతి ఇంటికీ తల ఎత్తి చూడాల్సినంత గోడ, దానికో ఇనప గేటు. దార్‌లో తలుపు తీస్తే పలకరింపులు మీద పడేవి. ఇక్కడ గేటు తీస్తే ఎదుటి గేటు కనిపించేది. వానలు లేక డ్యాములు ఎండి, కరెంటు కూడా రోజులో ఎక్కువసేపు ఉండేది కాదు. కేశవులు పని మీద రోజుల తరబడి ఊళ్ళకు పోయేవాడు. ఆమెను ఏ పేరుతోనైనా సరే పిలిచే నోరు ఒక్కటి లేదు. ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి చీరలు సర్దడం మొదలుపెట్టింది. ఏడాది దాకా కూడా ఆగేలా లేదు. మొగుడూ పెళ్ళాలను విడగొట్టిన రోలు అనే పేరు నాకు వస్తుందేమోనని భయపడ్డాను. పిండి లేవకపోతే అందరూ రోలునే అంటారు మరి.

సర్దుతూ సర్దుతూ ఆకలేసినట్టుంది. పిండి పొంగకపోతే పోయిందిలే, రొట్టెలా కాల్చుకుందామని, నన్ను పెట్టిన ఇంటి ముందు ఆవరణలోకి వచ్చి పప్పు రుబ్బుతూ కూర్చుంది. కరెంటు లేదు. వీధంతా నిశ్శబ్దం. నా గరగర గోడ దాటి వెళ్ళింది. కాసేపటికి గేటు మీద చప్పుడైంది.

పక్కింటావిడ. బడిలో పాఠాలు చెప్పి మానేసిన పెద్దామె. పెద్దకూతురు పేరు ములెంగా, అందుకని ఈమె బానా ములెంగా, అంటే ములెంగా వాళ్ళమ్మ. ఇక్కడా అదే ఆనవాయితీ. చేతిలో వేయించిన వేరుశనగపప్పుల గిన్నె ఉంది. కూరలో వేసుకోవడానికి పొడి కావాలి, ఇంట్లో మిక్సీ పలకడం లేదు, ఈ చప్పుడు విని వచ్చానంది. ఇద్దరిదీ వచ్చిన ఇంగ్లీషు, రాని ఇంగ్లీషు. హైమావతి పప్పు తీసి, నన్ను కడిగి తుడిచి, జరిగి చోటిచ్చింది.

బానా ములెంగా పొత్రం తిప్పుతూ, "మిమ్మల్ని ఏమని పిలవాలి? పెళ్ళైనవాళ్ళను పేరు పెట్టి పిలిస్తే మర్యాద కాదు. మీ పెద్దబిడ్డ పేరేమిటి?" అంది.

వచ్చేసింది మళ్ళీ ఆ ప్రశ్న.

"పిల్లలు లేరు," అంది, కనిగిరిలో ఎన్నడూ తల ఎత్తి అనలేని మాటను.

బానా ములెంగా అయ్యో అనలేదు. ఏ డాక్టరుకు చూపించారని అడగలేదు. కాసేపు పప్పు పొడి చేసి, "ఈ రాయి ఎక్కడిది?" అంది.

"మా ఊరిది."

"అంత దూరం నుంచి తెచ్చుకున్నారా? ఓడ మీద, లారీ మీద?"

"ఆ."

"రోజూ కడిగి, తుడిచి, కప్పి పెడతారా?"

"పెట్టకపోతే ఎట్టా? నాదేగా."

పెద్దామె నా అంచు మీద చెయ్యి వేసి నిమిరింది. "ఈ ఊరి భాషలో రాయిని మ్వాలా అంటాం. అయితే మీరు బానా మ్వాలా," అంది. ఎగతాళి లేదు, జాలి లేదు. రేషను కార్డులో పేరు ఎక్కించినంత మామూలుగా అంది.

ఆమె వెళ్ళాక హైమావతి నన్ను కడిగి పల్లీల జిడ్డు వదిలించింది. అప్పటికే శుభ్రంగా ఉన్న నన్ను మళ్ళీ కడిగింది. ముఖం కడిగినట్టు, చెవుల వెనక రుద్దినట్టు కడిగింది. నాకు చెవులు లేవు గానీ ఆ రోజు ఉన్నట్టే అనిపించింది. నల్లరాయిని, మూల విరిగినదాన్ని, కోళ్ళకు నీళ్ళ తొట్టిని. నాకొక తల్లి ఏర్పడింది.

మర్నాడు బానా ములెంగా దుప్పటి తెచ్చింది. వాళ్ళు మొక్కజొన్నతో పులియబెట్టుకునే ఒక పానీయం ఉంది, చలిలో దాని కుండకు దుప్పటి చుట్టి బొగ్గుల కుంపటి దాపున పెడతారట. పిండి గిన్నెకూ అదే మర్యాద చేశారు. పొద్దునకల్లా పిండి మూత దాకా లేచింది. హైమావతి చీరలు బయటికి తీసి పెట్టె మూసింది. ఆ దసరా రోజులకు అసలు వేసవి వచ్చింది. వీధి చెట్లన్నీ ఊదా రంగు పూలు పూశాయి, పిండి గిన్నె దాటి గట్టు మీదికి పారింది. "ఈ దేశానికి ఎండాకాలం ఇప్పుడొస్తదని ముందే చెప్పొద్దా అయ్యా!" అని కేశవులు మీద పడింది. అతను భూమి లోపల సంగతులే గానీ పైన సంగతులు ఎప్పుడు చూశాడు గనక!

కరెంటు పోయినప్పుడల్లా వీధిలో మిక్సీలు మూగబోయేవి, గిన్నెలు నా దగ్గరికి నడిచి వచ్చేవి. పల్లీలు, పప్పులు, కబుర్లు అన్నీ నాలోనే నలిగేవి.

ఏడాది నిండింది. కేశవులు మాట తప్పే మనిషి కాదు, అదే అతనితో వచ్చిన చిక్కు. పని నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"హంసాబెన్‌కి ఫోను చేశా మే. గది ఖాళీగానే ఉందంట. నీ మాట నాకు గుర్తుంది. నువ్వు బస్సులో పో, రోలును లారీ మీద పంపిస్తా." దుమ్ము వల్ల అన్నట్టు దగ్గాడు.

హైమావతి పొత్రం ఆపలేదు. ఆమె మనసులో దార్ గాలి, పిల్లల కేకలు తిరిగాయని నాకు తెలుసు. ఆ పేట ఆమెకు చెడు చేయలేదు. ఏడుస్తూ వెళ్ళినదానికి నవ్వు ఇచ్చి పంపింది.

అప్పుడు గేటు మీద చప్పుడు. "బానా మ్వాలా! ఉన్నారా?"

"ఆ, వస్తన్నా!" అంది హైమావతి అచ్చ తెలుగులో.

కేశవులు బిత్తరపోయాడు. "ఎవర్నే పిలుస్తంది?"

"నన్నే."

బానా ములెంగా లోపలికి వచ్చింది. ములెంగాకు పెళ్ళి కుదిరిందట. పెళ్ళికి ముందు ఆడవాళ్ళంతా చేరి, పెళ్ళికూతురికి వంటసామాను పెట్టి, కాపురం సంగతులు చెప్పి దీవించే పేరంటం ఒకటి ఉంటుంది వాళ్ళకు. "తల్లుల వరసలో మీరు కూర్చోవాలి," అంది. పనిగట్టుకుని ఇంటికి వచ్చి, తను పెట్టిన పేరుతో పిలిచి మరీ అంది.

ఆమె వెళ్ళాక హైమావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ రోజు కూడా పిండిలో కొంచెం ఉప్పు పడింది, నాకు తెలుసు.

"ఏమంటావే మరి? బస్సు టిక్కెట్టు..." అన్నాడు కేశవులు.

"పోవటానికి తీరికేదయ్యా? పేరంటం దగ్గర పడె. అయినా ఇంత రోలును మళ్ళా అంత దూరం ఎవరు మోస్తారు?"

సముద్రం దాటించినప్పుడు లేని బరువు నాకు అప్పుడు వచ్చింది. కేశవులు నవ్వాడు, ఆ నవ్వు ఆపడం అతని వల్ల కాలేదు.

రెండు దేశాల్లో ఏది మేలని నన్నెవరూ అడగలేదు. అడిగితే పిండి లెక్క ఒకటి చెబుతాను, నీళ్ళ లెక్క ఒకటి చెబుతాను. నా గుంట ఇప్పుడు నున్నబడిపోయింది. మళ్ళీ గంట్లు పెట్టడానికి అంకయ్య లాంటివాళ్ళు ఇక్కడ లేరు. ఏదో ఒక రోజు నేను రుబ్బలేను. అప్పుడు నన్ను ఈ గేటు పక్కనే ఉంచుతారు, కోళ్ళు నీళ్ళు తాగుతాయి. తాగనీయండి. గేటు బయట ఎవరో ఆమెను పిలుస్తూనే ఉంటారు, ఆ పిలుపులో సగం నా పేరు.