సత్తెమ్మ వేప మొదటి రెమ్మ

సత్తెమ్మ నాతో అబద్ధమాడింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది.

చెట్ల జన్యువులు చదివే ల్యాబ్‌లో నా ఉద్యోగం. కొన్నేళ్లుగా నగరంలో వేపలు తెగులు సోకి, కొసల నుంచి ఎండిపోతున్నాయి. రోడ్ల పక్కన నాటినవి చాలామటుకు ఒకే రకం గింజలవి. ఒకే తాళంచెవికి తెరుచుకునే ఇళ్లలాంటివి, దొంగ ఒక ఇంట్లో దూరాడంటే అన్నిట్లోనూ దూరతాడు. తెగులుకు లొంగని వేప ఎక్కడుందంటే అక్కడికి వెళ్లి, ఆకు తెచ్చి, దాని జన్యుక్రమం చదివి, తేడా ఎక్కడుందో వెతకడం నా పని.

లాల్‌దర్వాజా దగ్గరి సందులో సత్తెమ్మ బర్రెల షెడ్డు వెనక అలాంటిదొకటి కనిపించింది. చుట్టుపక్కల వేపలు మాడిపోతుంటే అది నిగనిగలాడుతోంది. కానీ ఆమె కొడుకు మురళి షెడ్డు పెంచడానికి దాన్ని కొట్టించాలని చూస్తున్నాడు.

"దీంట్ల స్పెషల్ ఏమన్న ఉన్నదని మీరు చెప్పుండ్రి రాగసుధ మేడమ్, షెడ్డు పక్కకు జరుపుకుంట. లేకుంటే కొట్టిస్త, ఫికర్ ఉండదు" అన్నాడు. సత్తెమ్మ నా మొహంకేసి చూస్తూ నిలబడింది. ఆమె కాపురానికొచ్చిన ఏట నాటిన చెట్టది.

ఆషాఢం, ఉక్కపోత. నిచ్చెన అడిగాను. "నువ్వు కూసో బిడ్డా, నేను తెస్త" అని సత్తెమ్మ నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, షెడ్డు వెనక్కి వెళ్లి రెమ్మ తెచ్చింది. ఆకు మన చేత్తోనే కోయాలన్నది మా ల్యాబ్‌లో మొదటి నియమం. మజ్జిగతోపాటు ఆ నియమాన్నీ మింగేశాను.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. అన్ని వేపల్లాంటిదే. దిగులుగానే మురళికి ఫోన్‌లో చెప్పాను. "సరే మేడమ్, సోమవారం కొట్టిస్త" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మా గేటు దగ్గర సత్తెమ్మ! నయాపూల్ దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సులో వచ్చిందట. చేతిలో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా.

"తప్పయింది బిడ్డా. మా చెట్టు మొదటి రెమ్మ అమ్మవారి బోనానికే, అంతకుముందు ఆకు తెంపం. నిన్ను ఉత్తచేతుల పంపబుద్ధి కాలే. ఇంటి తోరణాలకని బజార్ల కొన్న కట్టలకెళ్లి తీసిచ్చిన. ఇగో, అసలుది ఇది."

"రెండు నెలల పని అమ్మా! అప్పుడే చెబితే నాలుగు రోజులాగి బోనాలయ్యాక వచ్చేదాన్నిగా!" గేటు దగ్గరే అరిచాను.

ఆమె తల వంచుకుంది. "మల్ల రావేమో, చెట్టును కొట్టేస్తరేమో అని భయమైంది."

అప్పుడు నాకు మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. ఏ చెట్టుదో తెలియని ఆకుకు 'సత్తెమ్మ వేప' అని రాసింది నేనే కదా! సిగ్గుతో చచ్చిపోయాను. ఈ మనిషి వచ్చి ఒప్పుకోకపోతే నా బద్ధకానికి ఆ చెట్టు బలైపోయేది.

మురళిని ఆగమని, ఆమెతోపాటే వెళ్లి, నిచ్చెనెక్కి నా చేత్తో కోశాను. సత్తెమ్మ కింద నిచ్చెన పట్టుకుంది.

ఈసారి ఫలితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మేం చదివిన నూట పద్దెనిమిది వేపల్లో లేని తేడాలు అందులో ఉన్నాయి. తెగులును ఆపేది అవేనని ఇంకా చెప్పలేం. కానీ ఇలాంటిది పోతే మళ్లీ దొరకదు. మురళి మాట మీద నిలబడ్డాడు, షెడ్డు పక్కకు జరిగింది. ఆ వేప గింజల మొక్కలు మా నర్సరీలో పెరుగుతున్నాయి.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఇంకోసారి ఆకు కావాల్సి, బోనాలయ్యాక వస్తానని ఫోన్ చేశాను. "బోనం నాడే రా" అంది సత్తెమ్మ.

వెళ్లేసరికి పసుపు రాసిన బోనం కుండ సిద్ధంగా ఉంది. దానికింకా వేపరెమ్మలు కట్టలేదు. సత్తెమ్మ చెట్టు దగ్గరికి నడిచి, నా కళ్లముందే మొదటి రెమ్మ తెంపి నా చేతికివ్వబోయింది.

"అమ్మవారికంటే ముందు నాకా?" అన్నాను.

"అమ్మకు చెప్పిన బిడ్డా. ఊకున్నది."

ప్లాస్టిక్ కవరు తీయబోయినదాన్ని ఆగిపోయి, రెండు చేతులూ పట్టాను.