సంకల్పంలో సొంతిల్లు

నాకు మంత్రం మింగే అలవాటు లేదు. సంకల్పం అంటే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని, ఏం కోరి పూజ చేస్తున్నారో దేవుడికి విన్నవించుకోవడం. అందులో ఇంటి సంగతీ వస్తుంది. సొంతిల్లయితే ‘స్వగృహే’ అంటాం, అద్దెదైతే ‘వసతిగృహే’. దేవుడికి దొంగ అడ్రసు ఇవ్వకూడదు కదా!

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. చైతన్యపురిలో విశ్వేశ్వరరావు గారింట్లో సత్యనారాయణ వ్రతం. గుంటూరు వైపు నుంచి వచ్చి పన్నెండేళ్లుగా ఆ మేడ మీద అద్దెకుంటున్నారు. కింద ఇంటి ఓనరు లలితమ్మ. ఆమెది పోచంపల్లి చీరల కొట్టు. సమ్మె మొదలయ్యాక కొట్టు మూసి, పొద్దంతా దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలోనే ఉంటోంది.

విశ్వేశ్వరరావు భార్య వేదవతి నన్ను గుమ్మంలోనే ఆపింది.

“పంతులుగారూ, ఆ ‘వసతి’ ముక్క కాస్త మెల్లగా అనేయండి. లలితమ్మగారు వింటారు. అద్దెకున్నామని మనమే గుర్తుచేసినట్టుంటుంది. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం?”

ఆమె కళ్లలో నీళ్లు చూసి జాలేసింది. జాలేసినా మంత్రం మంత్రమే.

లలితమ్మ మెడలో ఉద్యమ కండువాతో వచ్చి సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. నేను గొంతు సవరించుకుని ‘వసతిగృహే’ అన్నాను. కొంచెం గట్టిగానే అన్నానేమో, విశ్వేశ్వరరావు చేతిలో అక్షింతలు జారిపోయాయి.

“ఆగు పంతులూ. గదేంది?” అంది లలితమ్మ.

చెప్పాను.

“పన్నెండేండ్ల సంది ఉంటే, కిరాయిల్లని చెప్తవా దేవునికి? స్వగృహే అను.”

“అమ్మా, ఇల్లు మీ పేరున...”

“నాదే. అందుకే అనమంటున్న. మేం రాష్ట్రం అడుగుతున్నం గని వేదమ్మ వంటిల్లు అడుగుతలేం.”

అన్నాను. నా జీవితంలో మొదటి దొంగ అడ్రసు అదే.

వేదవతి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. లలితమ్మ అంతటితో ఊరుకుంటుందా!

“సారూ, సొంతిల్లు గదా, రేపటి సంది నీళ్ల ట్యాంకు నువ్వే కడుగు. వేదమ్మా, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ల కొని తెచ్చి మంచం కింద దాచిన ఖాళీ యాపిల్ పెట్టెలు బయటికి తియ్యి. సామాన్లు సర్దనీకే తెచ్చినవని నాకెర్కే. రేపు రోడ్డు మీద వంటావార్పు. కట్టెలు తక్కువున్నయి.”

మర్నాడు ఆ దారిన పోతూ నేనూ విస్తరి ముందు కూర్చున్నాను. యాపిల్ పెట్టెల చెక్కలు పొయ్యిలో భగభగ మండుతున్నాయి. పప్పులో కారం చాల్లేదని వేదవతి నడిరోడ్డు మీద లలితమ్మతో పోట్లాడుతోంది.