మేకల మధ్య సూపర్‌వైజర్

గల్ఫ్‌కు నేను స్టోర్ సూపర్‌వైజర్‌గా వెళ్లాను. కనీసం దేవరకొండ ఏజెంటు చెప్పింది అదే. అక్కడ దిగాక తేలింది, నేను చూసుకోవలసిన సరుకుకు కొమ్ములున్నాయని.

నా పేరు దివాకర్. డిగ్రీ చదివాను. మా ఊళ్లో నా అంత ఇంగ్లీషు వచ్చినవాడు లేడని నా నమ్మకం. ఎడారి మధ్యలో ఒక రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు, పెద్ద మేకల మంద. మొదటిరోజే యజమాని నా పాస్‌పోర్టు అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను "థాంక్యూ సర్" అన్నాను. మంచి ఇంగ్లీషు ఉన్నవాడికి ఇదో కష్టం, నోరు ముందు పోతుంది.

నాతోపాటు ఏసోబు ఉండేవాడు. హాలియా దగ్గరి కూలీ కుటుంబం. అతనికి తాపీ పని అని చెప్పి తెచ్చారు. సెలవు లేదు, జీతం ఎప్పుడిస్తారో తెలియదు, యజమానికి చెప్పకుండా రోడ్డు దాకా కూడా వెళ్లకూడదు. యజమాని కొడుకు మేకలకు పేర్లు పెట్టి పిలిచేవాడు. మమ్మల్ని మాత్రం చప్పట్లు కొట్టి పిలిచేవాడు.

ఇవేవీ నేను ఇంట్లో చెప్పలేదు. యజమాని తెల్ల కారుకు ఆనుకుని ఏసోబు చేత ఫోటో తీయించుకుని పంపేవాణ్ణి. నా భార్య సుమన ఫోన్లో "ఎట్లున్నవయ్యా?" అంటే, "నాకేంది, ఏసీల కూసున్న" అనేవాణ్ణి, చెమట తుడుచుకుంటూ.

ఒకరోజు ఆ దేశపు కార్మిక శాఖ అధికారులు వచ్చారు. వాళ్లతో ఏదో ప్రపంచ సంస్థ తరఫున ఒకామె, కెమెరా పట్టుకున్న ఇంకొకతను. పనివాళ్లను మనుషుల్లా చూస్తామని ఆ దేశం ఏదో ఒప్పందం మీద సంతకం పెట్టిందట. అది అమలవుతోందో లేదో చూడటానికి వచ్చారు. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందని, ఇబ్బందులేమైనా ఉన్నాయా అని ఆమె ఇంగ్లీషులో అడిగింది. ఏసోబు నా వైపు చూశాడు, మాట్లాడగలిగింది నేనే కదా. నేను కెమెరా వైపు చూశాను. మాసిన లుంగీలో, పేడ చేతులతో ఉన్న నన్ను మా ఊరంతా చూస్తుందేమో అనిపించింది.

"నో ప్రాబ్లం మేడం. వెరీ గుడ్," అన్నాను.

వాళ్లు వెళ్లిపోయాక ఏసోబు అడిగాడు. "ఏమన్నవన్నా?"

"అన్నీ చెప్పిన."

"గంత చిన్నగ అయిపోయిందా చెప్పుడు?"

నేను మేకలకు నీళ్లు పెట్టడానికి లేచాను. అంత బుద్ధిగా నేను ఎన్నడూ పనికి లేవలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఏసోబు కంచె పక్కన పడిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. యజమాని కొడుకు వచ్చి, అతని ముఖం మీదికి వంగి చప్పట్లు కొట్టాడు. ఏసోబు కదల్లేదు. మళ్లీ కొట్టాడు.

"ఏసోబు! వాని పేరు ఏసోబు!" అని అరిచాను. నా గొప్ప ఇంగ్లీషు ఆ వేళకు రాలేదు. తెలుగులోనే ఊగిపోతూ అరిచాను. అతను బిత్తరపోయి వెనక్కి జరిగాడు. ఏసోబును నీడలోకి లాగి, మేకల తొట్టిలో నీళ్లన్నీ అతని మీద పోశాను. సాయంత్రానికి కళ్లు తెరిచాడు.

వెంటనే సుమనకు ఫోన్ చేసి, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉందని చెప్పాను. "సుమనా, నేను సూపర్‌వైజర్‌ను కాదు" అన్నాను.

"ఎరికే," అంది.

"ఎట్లెరిక?"

"ఫోన్ చేసినప్పుడల్ల మ్యే అని ఇనవడ్తది. ఆఫీసుల మేకలుంటయా? నీ మనసు నొస్తదని అడగలే. ఇగ చెప్పినవ్ గద, పాస్‌పోర్టు నకలు ఇంట్లనే ఉంది. రేపే నల్గొండకు పోత."

అన్ని నెలలు నా పరువును నేను కాపాడుతున్నాననుకున్నాను. అది ఆమె కాపాడుతోంది.

సుమన కలెక్టరేటులో అర్జీ ఇచ్చింది. అక్కడితో ఊరుకోలేదు. హైదరాబాదులో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవాళ్లను పట్టుకుంది. వాళ్లు అక్కడి మన రాయబార కార్యాలయానికీ, ఆ ప్రపంచ సంస్థకూ రాశారు. ఆ రెండూ అడగ్గలవు, రాయగలవు గానీ, యజమాని గేటు తెరిపించాల్సింది ఆ దేశపు పోలీసులే. వాళ్లు కదలడానికి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులూ సుమన ఫోన్లు చేస్తూనే ఉంది.

చివరికి పోలీసులతో పాటు అదే మేడం వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. పోయినసారి వెరీ గుడ్ అన్నావు కదా అంది. ఈసారి రాయబార కార్యాలయం పంపిన దుబాసీని చూపించి, తెలుగులో చెప్తానన్నాను. పాస్‌పోర్టు, జీతం, చప్పట్లు, ఏసోబు పడిపోవడం, అన్నీ చెప్పాను. కెమెరా ఉంది. లుంగీ అదే. చెప్తుంటే ఏసోబు పక్కన నిలబడి, నేను వదిలేసినవి అందించాడు.

యజమాని పాస్‌పోర్టులు తెచ్చి ఇచ్చాడు. జీతం బకాయిల మీద అక్కడి కోర్టులో కేసు వేశారు, అది ఇంకా నడుస్తోంది.

ఊరికి వచ్చిన వారంలోనే నేనూ సుమనా ఏజెంటు మీద ఫిర్యాదు చేయడానికి పోలీసు స్టేషనుకు వెళ్లాం. ఏసోబు హాలియా నుంచి వచ్చి కలిశాడు.

"ఆడ ఏం పని చేసినవ్?" అని ఎస్సై అడిగాడు.

"మేకలు కాసిన సార్."

"డిగ్రీ చదివి?"

"డిగ్రీ చదివే సార్."

ఏసోబు గోడ వైపు తిరిగి నవ్వుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. సుమన మాత్రం నవ్వలేదు. "గా ఏజెంటును ఎప్పుడు పిలుస్తరు సార్?" అంది.

ఎల్లుండి రమ్మన్నాడు. చెప్పిన రోజుకు ముగ్గురం వెళ్లాం.