చాంబా అవ్వకు మంచినీళ్ళు

మా అత్త జీఫా ఇంట్లో ఒక గది చాంబా అవ్వకు గుడి. చిన్న పీట, దాని మీద ఇనప కడియం. మా ఆయన ముత్తాత ఉత్తరాది బానిసల సంతలో కొనుక్కొచ్చిన చాంబా జాతి పిల్ల ఆమె. ఈ ఇంట్లోనే చాకిరీ చేసి ఈ ఇంట్లోనే పోయింది. అలాంటివాళ్ళ ఉసురు తగలకుండా మా సముద్రపొడ్డు వాళ్ళం కోలా గింజలు, జొన్న కల్లు పెట్టి మొక్కుతాం. బతికుండగా గంజి పోయనివాళ్ళం పోయాక కల్లు పోస్తాం. మా భక్తి అంత గొప్పది.

ఆ వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం ఉల్లి మడిలో కలుపు తీస్తున్న నా కూతురు సెఫా లేచి నిలబడింది. పిలిస్తే పలకలేదు. ఉత్తరానికి నడక మొదలుపెట్టింది. మాకు ఉత్తరాన ఉండేది ఉప్పు సరస్సు. గడ్డం దాకా నీళ్ళొచ్చినా ఆగలేదు. జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. మర్నాడూ అదే వరస. ఆ మర్నాడు నేను రెప్ప వాల్చి ఉంటే నాకు కూతురు దక్కేది కాదు.

"అవ్వ పూనిందే," అంది అత్త. "మనింటి అవ్వేగా, భయపడకు. మన కలిమంతా ఆవిడ చలవే. పోనివ్వకూడదు."

అంటూనే పిల్ల చేతికి కడియం తొడిగి, కాలికి తాడేసి గుంజకు కట్టింది.

"అదేమైనా మేకపిల్లా అత్తా?"

"నోర్ముయ్. పొద్దు వాలేసరికి అదే దారికొస్తుంది."

సెఫా తాడు వంక చూసి నవ్వింది. పన్నెండేళ్ళ పిల్ల నోట్లోంచి ముసలి గొంతు వచ్చింది. "ముడి వెయ్యడం మర్చిపోలేదన్నమాట మీరు."

అత్త గబగబా కోలా గింజల పళ్ళెం ముందుకు తోసింది. పిల్ల మొహం తిప్పేసుకుంది.

గడప తొక్కినవాడు శత్రువైనా సరే, మాలో పీట వేస్తాం, నీళ్ళిస్తాం, ఆ తర్వాతే వచ్చిన పని అడుగుతాం. అది గుర్తొచ్చి అడిగాను. "అత్తా, అవ్వకి ఎప్పుడైనా మంచినీళ్ళిచ్చి ఏం పని మీద వచ్చావని అడిగారా?"

"కొన్నదాన్ని అడగడమేంటే? చుట్టమా?" అనేసి అత్త నాలిక్కరుచుకుంది.

పీట వేశాను. రెండు చేతులా నీళ్ళిచ్చాను. "దారి ఎలా సాగింది అవ్వా? ఏం పని మీద వచ్చావు?"

గుక్క తిప్పుకోకుండా తాగింది. "మా అమ్మ దగ్గరికి పోవాలి. మధ్యలో నీళ్ళున్నాయి, నాకు ఈత రాదు. మీ ఇంటినిండా పడవలే. ఒక్కరూ దాటించలేదు."

తాడు కోసేశాను. కడియం లాగి పారేశాను. అత్త గుమ్మానికి అడ్డం పడింది. "ఆవిడ పోతే ఇల్లు మట్టిగొట్టుకుపోతుందే!"

"పోనీ," అని ఆవిడను దాటుకుని వెళ్ళి పిల్లను పడవెక్కించాను.

సరస్సు మీద గాలి లేదు, పిట్ట లేదు. గెడ వేస్తుంటే నీళ్ళ చప్పుడు కూడా వినపడలేదు. అవతలి ఒడ్డున పిల్ల దిగి నడవసాగింది. నేను పరిగెత్తి ఎదురు నిలిచాను.

"దాటించాను కదా అవ్వా, ఇక నా బిడ్డను వదిలెయ్."

"ఇంకా చాలా దూరం. నడవడానికి కాళ్ళు కావాలి."

"దానికి తల్లి ఉందవ్వా!"

నా కూతురి కళ్ళతోనే నన్ను చూసింది. కోపం లేదు వాటిలో.

"నాకు లేదా?"

సిగ్గేసింది, భయమేసింది. ఆమె కాళ్ళ మీద పడ్డాను. "నావి తీసుకో అవ్వా. నా బిడ్డవి మాత్రం వద్దు."

సెఫా ఇసుకలో కూలబడింది. కాసేపటికి కళ్ళు నులుముకుని, "అమ్మా, ఆకలేస్తోంది," అంది. అది దాని గొంతే. ఏడుస్తూ లేచి దాన్ని ఎత్తుకోబోయాను. నడుం వంగలేదు.

"పడవ తీసుకుని నాయనమ్మ దగ్గరికి పో తల్లీ."

"నువ్వెక్కడికే?"

"మా అమ్మ దగ్గరికి."

మా అమ్మ ఉండేది దక్షిణాన, సముద్రం పక్కన. నా కాళ్ళు ఉత్తరానికి నడుస్తున్నాయి.